రోయింగ్ మెషిన్ మీద వేగాన్ని ఎలా పంచుకోవాలి? 2000 మీటర్ల టెస్టుకు సమగ్ర మార్గదర్శి

రోయింగ్ మెషిన్ మీద 2000 మీటర్ల టెస్టు మొదలుపెట్టాక మొదటి 300 మీటర్లు హాయిగా సాగిపోతాయి. అనుకున్నదానికన్నా ఐదారు సెకన్లు మెరుగైన అంకె మానిటర్‌లో కనిపిస్తుంది. ఊపిరి అదుపులోనే ఉంటుంది. ఇవాళ ఒళ్లు బాగా సహకరిస్తోంది, ఇలాగే లాగేద్దాం అనిపిస్తుంది. 800 మీటర్ల దగ్గరికి వచ్చేసరికి తొడలు బరువెక్కుతాయి. 1200 దగ్గర వేగం పడిపోవడం మొదలవుతుంది. 1500 దగ్గర హ్యాండిల్ వదిలేసి కూర్చోవాలనిపిస్తుంది. బలం చాలక ఇలా జరిగిందని చాలామంది అనుకుంటారు, మర్నాటి నుంచి ఇంకా గట్టిగా లాగడం మొదలుపెడతారు. నిజానికి చాలాసార్లు ఉన్న బలం సరిపోతుంది. దాన్ని ఎప్పుడు ఎంత ఖర్చుపెట్టామన్న దగ్గరే లెక్క తప్పుతుంది.

ఈ మార్గదర్శి ఆ లెక్క గురించే. కొన్ని నెలలుగా రోయింగ్ చేస్తూ, ముందు కాళ్లు, తర్వాత నడుము, ఆఖరున చేతులు అనే స్ట్రోక్ వరస అలవాటైనవాళ్లకు ఇది పనికొస్తుంది. వరస ఇంకా కుదరకపోతే టెస్టు సంగతి కొన్నాళ్లు పక్కన పెట్టండి. గుండె జబ్బు, బీపీ, ఛాతీలో నొప్పి, ఎప్పుడైనా కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే డాక్టరు ఒప్పుకోకుండా పూర్తి శక్తితో ఈ టెస్టు చేయకండి.

1. ముందు మానిటర్‌లోని అంకెను అర్థం చేసుకోండి

మానిటర్‌లో పెద్దగా కనిపించే 2:00 లాంటి అంకెను స్ప్లిట్ అంటారు. ఇప్పుడున్న వేగంతోనే సాగితే 500 మీటర్లకు పట్టే సమయం అది. స్ప్లిట్ 2:00 ఉంటే 2000 మీటర్లు 8 నిమిషాల్లో అయిపోతాయి. అంకె తగ్గితే వేగం పెరిగినట్టు. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. తెలియనిది దాని వెనకున్న వాట్ల సంగతి.

పోటీల్లో, టెస్టుల్లో ఎక్కువగా కనిపించే కాన్సెప్ట్2 మెషిన్‌లో వేగానికీ శక్తికీ ఉన్న సంబంధం సూటిగా పెరిగేది కాదు, మూడో ఘాతంలో పెరిగేది. ఈ మెషిన్ మీద 2:10 స్ప్లిట్‌కు 159 వాట్లు కావాలి. 2:05కి 179, 2:00కి 203, 1:55కి 230, 1:50కి 263, 1:45కి 302, 1:40కి 350. ఐదు సెకన్లు తగ్గించడానికి 2:10 దగ్గర 20 వాట్లు చాలు. అదే ఐదు సెకన్లకు 1:45 దగ్గర 48 వాట్లు పడతాయి. 2:00 లాగాల్సినవాళ్లు 1:50 లాగితే వేగం పెరిగేది 9 శాతమే, ఒంటి మీద పడే పని మాత్రం 30 శాతం పెరుగుతుంది. కళ్లకు పది సెకన్లుగా కనిపించేది కాళ్లకు ఇంత తేడా అన్నమాట. అందుకే కొన్నాళ్లు స్ప్లిట్ బదులు వాట్లు చూస్తూ లాగడం మంచి అలవాటు.

ఇక్కడ ఒక విషయం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. మొదటి 1000 మీటర్లు 1:55తో, మిగతా 1000 మీటర్లు 2:05తో లాగినా మొత్తం సరిగ్గా 8 నిమిషాలే. మెషిన్ మీద చేసిన పని లెక్కేస్తే సుమారు 97,700 జౌళ్లు వస్తుంది. అంతా 2:00తో సమంగా లాగితే సుమారు 97,200. తేడా అర శాతం. అంటే, వేగంగా మొదలుపెట్టినందుకు మెషిన్ వేసే జరిమానా నామమాత్రం. అసలు జరిమానా మన ఒళ్లే వేస్తుంది.

2. ఒంట్లో ఏం జరుగుతుందో చూడండి

మొదటి స్ట్రోక్ లాగిన క్షణంలో కండరానికి కావాల్సిన శక్తి కండరంలోనే సిద్ధంగా ఉన్న ఫాస్ఫోక్రియాటిన్ నుంచి వస్తుంది. దీనికి ఆక్సిజన్ అక్కర్లేదు, ఎదురుచూడాల్సిన పనీ లేదు. కానీ పూర్తి శక్తితో లాగితే పది సెకన్లలోనే చాలావరకు కరిగిపోతుంది. ఆ వెంటనే కండరంలోని గ్లైకోజన్‌ను (నిల్వ చక్కెరను) ఆక్సిజన్ లేకుండానే విడగొట్టే పద్ధతి జోరందుకుంటుంది. ఇదీ వేగంగానే శక్తినిస్తుంది. కాకపోతే లాక్టేట్‌తో పాటు హైడ్రోజన్ అయాన్లు పేరుకుంటాయి, ఫాస్ఫేట్ కూడా పోగవుతుంది. తొడల్లో మంట పుట్టడానికి, కండరం ముడుచుకునే బలం తగ్గడానికి వీటి పాత్ర పెద్దది. లాక్టేట్‌ను అందరూ దోషిగా చూస్తారు కానీ అది కండరాలకూ గుండెకూ ఇంధనంగా కూడా పనికొస్తుంది.

ఆక్సిజన్‌తో నడిచే పద్ధతి మాత్రం నెమ్మదిగా వేడెక్కుతుంది. గుండె వేగం పెంచుకోవాలి, కాళ్లలో రక్తనాళాలు తెరుచుకోవాలి, కణాలు ఆక్సిజన్ వాడకాన్ని పెంచుకోవాలి. ఇదంతా పూర్తి స్థాయికి చేరడానికి రెండు నిమిషాల పైచిలుకు పడుతుంది. 8 నిమిషాల టెస్టులో అది పావు వంతు కాలం. ఆ తర్వాత బరువంతా దాదాపు ఇదే మోస్తుంది. 2000 మీటర్లకు కావాల్సిన మొత్తం శక్తిలో మూడొంతులకు పైగా ఆక్సిజన్ పద్ధతి నుంచే వస్తుంది.

మొదటి 300 మీటర్లు హాయిగా ఉండటానికి కారణం ఈ జాప్యమే. 1:50తో లాగుతున్నా 2:00తో లాగుతున్నా మొదటి నిమిషంలో ఊపిరి ఒకేలా అనిపిస్తుంది, ఎందుకంటే ఖర్చు తాలూకు కబురు ఊపిరితిత్తులకు ఇంకా చేరలేదు. ఆ సమయంలో "ఎలా ఉంది?" అని ఒంటిని అడిగితే వచ్చే జవాబు నమ్మదగ్గది కాదు. ఈ వ్యాసంలో ఒక్క మాటే గుర్తుపెట్టుకోవాలంటే ఇది గుర్తుపెట్టుకోండి: మొదటి రెండు నిమిషాలు అంకెను నమ్మాలి, ఆ తర్వాతే ఒంటిని నమ్మాలి.

ఇక నిల్వ సంగతి. ఒక స్థాయి శక్తి వరకు ఒళ్లు చాలాసేపు నిలకడగా పనిచేయగలదు. దాన్ని క్రిటికల్ పవర్ అంటారు. అంతకు మించి లాగే ప్రతి వాటూ ఒక పరిమితమైన నిల్వ నుంచి పోతుంది. నిల్వ అయిపోతే క్రిటికల్ పవర్‌కు దిగక తప్పదు. ఒక మనిషిని ఉదాహరణగా తీసుకుందాం. క్రిటికల్ పవర్ 180 వాట్లు, 2000 మీటర్లకు సత్తా 8 నిమిషాలు. అంటే 480 సెకన్ల పాటు సెకనుకు 22.5 జౌళ్లు నిల్వ నుంచి వాడతారు. మొత్తం 10,800 జౌళ్లు. సమంగా లాగితే ఒక్కో 500 మీటర్లకు పావు వంతు చొప్పున నిల్వ సరిగ్గా ముగింపు దగ్గర అయిపోతుంది.

అదే మనిషి మొదటి 500 మీటర్లు 1:50తో లాగారనుకోండి. 110 సెకన్ల పాటు సెకనుకు 83 జౌళ్లు. దాదాపు 9,100 జౌళ్లు అక్కడే ఖర్చు. నిల్వలో 85 శాతం అయిపోయింది, ఇంకా 1500 మీటర్లు మిగిలే ఉన్నాయి. కాగితం మీద లెక్క వేస్తే ఇప్పటికీ మిగతా దూరం 2:04 దగ్గర లాగేసి ఒకటిన్నర సెకను ఆలస్యంగా గట్టెక్కవచ్చు. ఒళ్లు ఆ లెక్క ప్రకారం నడవదు. నిల్వ అట్టడుగున పెట్టుకుని ఆరు నిమిషాలు లాగడమంటే, అలసిన కండరాల స్థానంలో త్వరగా అలిసిపోయే కండర తంతువులు పనిలోకి దిగుతాయి, అదే వాట్లకు ఆక్సిజన్ ఖర్చు పెరుగుతూ పోతుంది, నడుము వంగిపోతుంది, స్ట్రోక్ పొడవు తగ్గుతుంది. 2:04 కావాల్సింది 2:08, 2:10 అవుతుంది. అక్కడ పోతాయి అసలు సెకన్లు.

3. నాలుగు పద్ధతులు, వాటి ఫలితాలు

మొదట్లో దంచేసి తర్వాత వేలాడటం మొదటి పద్ధతి. దీని సంగతి పైన చూశాం. 500 మీటర్ల పందేనికి ఇది సరైనదే, ఎందుకంటే అక్కడ దూరమే ఒకటిన్నర, రెండు నిమిషాల్లో అయిపోతుంది, జాప్యానికి మూల్యం చెల్లించే లోపు పని పూర్తవుతుంది. 2000 మీటర్లకు మాత్రం ఇది పనికిరాదు.

రెండోది పడవ పందేల నుంచి వచ్చింది. మొదటి 500 వేగం, మధ్యలో రెండు 500లు నెమ్మది, చివరి 500 మళ్లీ వేగం. నీటి మీద రోయర్లు వెనక్కి చూస్తూ కూర్చుంటారు కాబట్టి ముందున్న పడవకు మిగతా పడవలన్నీ కనిపిస్తాయి, వాళ్ల అలలూ తగలవు. అక్కడ మొదట్లో కొంచెం ఎక్కువ ఖర్చుపెట్టడంలో అర్థం ఉంది. గదిలో మెషిన్ మీద ఆ లాభాలేవీ ఉండవు. పేరున్న రోయర్లు మెషిన్ మీదా ఇలాగే లాగడం చూసి అనుకరించేవాళ్లున్నారు. వాళ్లు వేగంగా మొదలుపెట్టడమంటే సగటు కన్నా ఒకటి రెండు సెకన్ల తేడా, అదీ ఏళ్ల సాధనతో తెలిసిన తేడా. మనం పది సెకన్ల తేడాతో మొదలుపెట్టి అదే పద్ధతి అనుకోకూడదు.

మూడోది మొదటి నుంచి చివరి దాకా ఒకే అంకె. భౌతికశాస్త్రం లెక్కలో ఇదే ఉత్తమం. పట్టుకోవడానికి ఒక్క అంకె చాలు కాబట్టి మనసుకూ తేలిక. నాలుగోది మొదటి సగం లక్ష్యం కన్నా అర సెకను నుంచి ఒక సెకను నెమ్మదిగా, రెండో సగం లక్ష్యం కన్నా అంతే మేర వేగంగా లాగడం. దీన్ని నెగటివ్ స్ప్లిట్ అంటారు. ఆక్సిజన్ పద్ధతి పూర్తిగా జోరందుకునే వరకు నిల్వను కాపాడుతుంది, కాబట్టి మూడో 500లో మంట ఆలస్యంగా మొదలవుతుంది. దీనికీ హద్దుంది. మొదటి సగం మూడు నాలుగు సెకన్లు నెమ్మదిగా వెళ్లి చివర్లో పూడ్చుకుందామనుకుంటే కుదరదు, నిల్వ మిగిలిపోయి టెస్టు అయిపోతుంది.

మొదటి మూడు నాలుగు టెస్టుల వరకు నెగటివ్ స్ప్లిట్‌నే ఎంచుకోమంటాను. సమవేగం ఇంతకన్నా ఒక అడుగు ముందుది, దానికి మన అంకె కచ్చితంగా తెలిసి ఉండాలి. అంకె సరిగ్గా తెలియనప్పుడు నెగటివ్ స్ప్లిట్ తప్పును క్షమిస్తుంది, వేగంగా మొదలుపెట్టడం క్షమించదు.

4. మీ అంకె కనుక్కోండి

లక్ష్యాన్ని కోరికతో పెట్టుకోవద్దు. "ఎనిమిది నిమిషాల లోపు రావాలి" అన్నది కోరిక. ఈ నెల మీ ఒళ్లు ఏం చేయగలదో చెప్పేది సాధన.

టెస్టుకు రెండు మూడు వారాల ముందు ఒకరోజు 500 మీటర్లు ఎనిమిదిసార్లు లాగండి, మధ్యలో మూడున్నర నిమిషాల విశ్రాంతితో. మొదటి ఏడూ ఒకే స్ప్లిట్‌లో ఉండాలి, ఎనిమిదోది ఉన్న శక్తంతా పెట్టి లాగొచ్చు. ఏడింటి సగటు మీ 2000 మీటర్ల అంకెకు దగ్గర్లో ఉంటుంది, చాలామందికి ఒకటి రెండు సెకన్లు మెరుగ్గా వస్తుంది. విశ్రాంతి ఉంది కదా మరి. ఇంకో రోజు 1000 మీటర్లు నాలుగుసార్లు, మధ్యలో ఐదు నిమిషాల విశ్రాంతి. ఇది కష్టమైన సాధన, అందుకే దీని మాట ఎక్కువ నమ్మొచ్చు. నాలుగూ సమంగా పూర్తి చేయగలిగిన స్ప్లిట్‌ను టెస్టు రోజున సాధారణంగా అందుకోవచ్చు.

దూరం మారినప్పుడు వాడే ఒక మోటు లెక్క రోయర్లలో వాడుకలో ఉంది: దూరం రెట్టింపైతే స్ప్లిట్‌కు ఐదు సెకన్లు కలపాలి. 2000 మీటర్లు 2:00తో లాగేవాళ్లు 4000 మీటర్లు 2:05తో, 1000 మీటర్లు 1:55తో లాగగలగాలి. ఇది అందరికీ అతకదు. ఓపిక ఎక్కువున్నవాళ్లకు తేడా మూడు నాలుగు సెకన్లే ఉండొచ్చు, బరువులెత్తే అలవాటున్నవాళ్లకు ఏడెనిమిది కావచ్చు. 5000 మీటర్లలో మీ స్ప్లిట్ 2:07 ఉంటే 2:00 అడగడం న్యాయమే. అది 2:15 ఉన్నప్పుడు టెస్టులో 1:58 అడగడం ఒంటికి అన్యాయం.

రెండు అంచనాలు పొసగకపోతే నెమ్మదైన అంకె తీసుకోండి. చివరి 400 మీటర్లలో ఇంకా శక్తి ఉందని తేలితే అక్కడ వాడుకోవచ్చు.

5. వేగాన్ని పట్టుకోవడం నేర్చుకోండి

అంకె తెలియడం వేరు, దాన్ని పట్టుకుని ఉండటం వేరు. వారంలో తేలికగా చేసే రోజుల్లోనే ఇది నేర్చుకోవాలి. ముప్పై నిమిషాలు నిమిషానికి 20 స్ట్రోకుల చొప్పున, స్ప్లిట్ ఒక్క సెకను అటూ ఇటూ కాకుండా లాగి చూడండి. మొదట్లో ప్రతి స్ట్రోక్‌కూ అంకె 2:14, 2:19, 2:12 అంటూ ఎగిరిపడుతుంది. కాళ్లు తోసే బలం, వెనక్కి వచ్చే తీరు ఒక్కలా కుదిరితే అంకె కదలకుండా నిలబడుతుంది.

ఇది వచ్చాక స్ప్లిట్ మీద చిన్న కాగితం అంటించి, స్ట్రోక్ రేటు ఒక్కటే చూస్తూ రెండు నిమిషాలు లాగండి. ఇప్పుడు ఏ స్ప్లిట్‌లో ఉన్నానో మనసులో అనుకుని కాగితం తీసి చూడండి. కొన్ని వారాలకు అంచనాకూ మానిటర్‌కూ తేడా ఒక సెకనులోపుకు వచ్చేస్తుంది. టెస్టులో తల తిరుగుతున్నప్పుడు కాపాడేది ఈ అలవాటే.

స్ట్రోక్ రేటు కూడా వేగం పంపకంలో భాగమే. 2:00ను నిమిషానికి 24 స్ట్రోకులతో లాగితే ఒక్కో స్ట్రోక్‌కు సగటున 506 జౌళ్ల పని. 28తో లాగితే 434. తక్కువ రేటులో ఒక్కో తోపు బరువు, తొడలు ముందు అలుస్తాయి. ఎక్కువ రేటులో తోపు తేలిక, కానీ ఒంటిని ముందుకూ వెనక్కూ జరిపే పని పెరుగుతుంది, ఊపిరి ముందు అలుస్తుంది. టెస్టులో చాలామందికి 26 నుంచి 32 మధ్య కుదురుతుంది. మీకు ఎక్కడ కుదురుతుందో సాధనలోనే తేల్చుకోండి.

6. టెస్టు రోజు ఏర్పాట్లు

డ్యాంపర్‌ను (మెషిన్ చక్రంలోకి వెళ్లే గాలిని మార్చే మీటను) పదికి తిప్పేస్తే ఎక్కువ వేగం వస్తుందన్నది అపోహ. మానిటర్ మెనూలో డ్రాగ్ ఫ్యాక్టర్ (చక్రానికి గాలి ఎంత అడ్డుపడుతోందో చెప్పే అంకె) చూసి 110 నుంచి 130 మధ్య పెట్టుకోండి. ఫ్యాన్ ఒకటి ఎదురుగా పెట్టండి. గదిలో గాలి ఒంటికి తగలదు కాబట్టి చల్లబడటానికి చర్మానికి రక్తం ఎక్కువ పంపాల్సి వస్తుంది, ఆ మేరకు కాళ్లకు తగ్గుతుంది. మానిటర్‌ను 2000 మీటర్లకు, 500 చొప్పున విడదీసి సెట్ చేయండి.

వార్మప్‌ను తగ్గించొద్దు. పది పన్నెండు నిమిషాలు తేలికగా లాగి, ఆ తర్వాత రెండు మూడు సార్లు నిమిషం చొప్పున టెస్టు వేగంతో లాగండి. ఆపై ఎనిమిది పది నిమిషాలు తేలికగా కదులుతూ ఆగండి. ఇలా ముందే ఒకసారి గట్టిగా పనిచేసిన కండరాలకు టెస్టు మొదట్లో ఆక్సిజన్ త్వరగా అందుతుంది, నిల్వ మీద భారం తగ్గుతుంది. చల్లటి ఒంటితో మొదలుపెడితే అదే మొదటి 500 మీటర్లు ఎక్కువ ఖరీదవుతాయి.

7. 2000 మీటర్లు, మొదటి స్ట్రోక్ నుంచి

లక్ష్యం 8 నిమిషాలు అనుకుందాం. మీ అంకె వేరైతే తేడాలు అవే ఉంచి మార్చుకోండి. 28 రేటుతో మొత్తం సుమారు 225 స్ట్రోకులు.

ఆగి ఉన్న చక్రాన్ని కదిలించడానికి మొదటి స్ట్రోక్ సగం పొడవు, రెండోది సగం, మూడోది ముప్పావు, నాలుగోది పూర్తి. తర్వాత పది స్ట్రోకులు చురుగ్గా. ఫాస్ఫోక్రియాటిన్ ఎలాగూ ఇక్కడే ఖర్చవుతుంది కాబట్టి ఈ కొద్ది సెకన్ల వేగానికి పెద్ద మూల్యం లేదు. అసలు పని ఆ తర్వాతిది. 150 మీటర్లలోపు కావాలని వేగం తగ్గించాలి. అంతవరకు సగటు 1:58 ఉంటే చాలు. రేటు తగ్గించండి, శ్వాస పొడవుగా వదలండి, వేగాన్ని 2:01కి దిగనివ్వండి. పక్కనున్నవాళ్లు దూసుకుపోతుంటే ఇది చాలా కష్టం. అయినా చేయాలి.

150 నుంచి 800 వరకు 2:01. "ఇంత నెమ్మదేంటి" అనిపిస్తే లెక్క సరిగ్గా ఉన్నట్టు. ఊపిరి వరస ఇక్కడే కుదుర్చుకోండి. ఎక్కువమందికి స్ట్రోక్‌కు రెండు శ్వాసలు సరిపోతాయి: లాగడం పూర్తవుతూ ఒకసారి వదలడం, ముందుకు వచ్చి మోకాళ్లు మడుస్తూ ఇంకోసారి. పూర్తిగా ముందుకు ముడుచుకున్నప్పుడు పొట్ట నొక్కుకుని డయాఫ్రమ్ కదలడానికి చోటుండదు కాబట్టి అక్కడ పీల్చాలని చూడకండి.

800 నుంచి 1300 వరకు 2:00.5. టెస్టు మొత్తంలో గడ్డు భాగం ఇదే, దీన్ని దగ్గరగా చూడాలి. 1000 దాటాక మానిటర్‌లో మిగిలిన దూరం కదలనట్టే ఉంటుంది. గుండె దాదాపు తన గరిష్ఠానికి చేరి ఉంటుంది. రక్తంలో ఆమ్లం పెరగడంతో దాన్ని వదిలించుకోవడానికి ఊపిరి వేగం దానంతటదే పెరుగుతుంది. అరచేతుల్లో చెమటకు హ్యాండిల్ జారుతుంటుంది, వేళ్లు అవసరానికి మించి బిగుసుకుంటాయి. భుజాలు చెవుల దాకా లేస్తాయి. ముందుకు వచ్చేటప్పుడు సీటు ఆఖర్లో దబ్బున కొట్టుకుంటుంది, అంటే ముందుకు రావడంలో తొందరపడుతున్నారు. అంకె 2:00, 2:02, 2:03 అంటూ జారుతుంది. ఇక్కడ బలం పెంచితే నష్టం. ముందుగా వేళ్లు వదులు చేయండి, భుజాలు దించండి, ముందుకు వచ్చేటప్పుడు సగం దూరం నెమ్మదించండి, ఆపై మడమలతో తోయండి. మూడు నాలుగు స్ట్రోకుల్లో అంకె మళ్లీ చోటుకొస్తుంది. ఆపేయమని మెదడు గట్టిగా చెప్పేదీ ఈ 500 మీటర్లలోనే. పది స్ట్రోకులు లెక్కపెట్టి, మళ్లీ పది లెక్కపెట్టడం చాలామందికి పనిచేస్తుంది. ఛాతీలో నొప్పి, కళ్లు బైర్లు కమ్మడం, పక్కటెముకల్లో గుచ్చినట్టు నొప్పి వస్తే మాత్రం ఆ మాట విని ఆపేయండి. తొడల మంట వేరు, ఇవి వేరు.

1300 నుంచి 1600 వరకు 2:00. రేటు ఒకటి పెంచండి. 1600 నుంచి ముగింపు దాకా 1:58, ఇంకా మిగిలి ఉంటే అంతకన్నా వేగం. చివరి 400 మీటర్లు సుమారు 48 స్ట్రోకులే. రేటు 30, 32కి పోనివ్వండి, కాళ్లు పూర్తిగా చాచడం మాత్రం మానకండి. ఈ పంపకంతో 7:59.6 వస్తుంది.

8. మధ్యలో లెక్క తప్పితే

500 మీటర్ల దగ్గర చూసుకుంటే సగటు 1:54 ఉందనుకోండి. అప్పుడు చేయాల్సింది వెంటనే 2:03కి దిగి నిమిషం, నిమిషంన్నర అక్కడే ఉండటం. 1:57, 1:58 అంటూ కొంచెం కొంచెం తగ్గుతూ పోతే నిల్వ ఇంకా కరుగుతూనే ఉంటుంది. వేగం క్రిటికల్ పవర్ దగ్గరికి దిగినప్పుడే ఆ కరగడం దాదాపు ఆగుతుంది. 1200 దగ్గర ఊపిరి మళ్లీ చేతికొస్తే 2:01 అడగండి. అనుకున్న సమయం రాకపోవచ్చు, కానీ టెస్టు పూర్తవుతుంది, ఆ సమాచారం వచ్చేసారికి పనికొస్తుంది.

9. దూరం పెరిగితే

5000 మీటర్లు, అరగంట లాంటి వాటిలో నిల్వ పాత్ర తగ్గి, క్రిటికల్ పవర్‌కు ఎంత దగ్గరగా ఉండగలరన్నదే ముఖ్యమవుతుంది. ఇక్కడ మొదటి 1000 మీటర్లు లక్ష్యం కన్నా ఒకటి రెండు సెకన్లు నెమ్మదిగా వెళ్లినా నష్టం లేదు. 10,000 మీటర్లు, 21,097 మీటర్ల హాఫ్ మారథాన్‌లో ఇంకో సంగతి ఎదురవుతుంది. అదే స్ప్లిట్‌లో ఉన్నా గుండె వేగం నెమ్మదిగా పెరుగుతూ పోతుంది. చెమటతో నీరు పోవడం, ఒళ్లు వేడెక్కడం దీనికి కారణాలు. కాబట్టి గుండె వేగాన్నే పట్టుకుని లాగితే రెండో సగంలో అనవసరంగా నెమ్మదిస్తారు. స్ప్లిట్‌ను పట్టుకోండి, గుండె వేగాన్ని హెచ్చరికగా చూడండి. అరగంట దాటాక నడుము కండరాలు అలిసి వెన్ను గుండ్రంగా వంగుతుంది. హాఫ్ మారథాన్‌లో పావుగంటకోసారి కొన్ని స్ట్రోకులు తేలిక చేసి కూర్చునే తీరు సరిచేసుకుంటే పోయేది కొన్ని సెకన్లే, నడుము నిలుస్తుంది.

10. అయిపోయాక

ముగిసిన వెంటనే లేవకండి. కాళ్లలో రక్తనాళాలు బాగా తెరుచుకుని ఉంటాయి, రక్తాన్ని పైకి తోసే కాలి కండరాలు ఒక్కసారిగా ఆగితే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. రెండు నిమిషాలు ఎంత నెమ్మదిగానైనా సరే లాగుతూనే ఉండండి, తర్వాత ఐదు నుంచి పది నిమిషాలు తేలికగా. ఇలా కదులుతూ ఉంటే లాక్టేట్ కూడా త్వరగా తగ్గుతుంది. గంట పాటు పొడి దగ్గు రావడం మామూలే, పొడి గాలిని అంత వేగంగా పీల్చి వదిలినందుకు శ్వాసనాళాలు చిరాకుపడతాయి.

ఆ తర్వాత మానిటర్ మెమరీ తెరిచి నాలుగు 500ల అంకెలు రాసుకోండి. చివరిది మిగతావాటికన్నా నాలుగు సెకన్లు వేగంగా ఉంటే శక్తి మిగిల్చుకున్నారు, వచ్చేసారి లక్ష్యాన్ని ఒక సెకను తగ్గించండి. మూడోది ఒక్కటే మూడు సెకన్లు పడిపోయి చివరిది మళ్లీ లేచిందంటే ఒంట్లో శక్తి ఉండగానే మనసు జారింది, లక్ష్యం మార్చక్కర్లేదు, 1000 మీటర్లు నాలుగుసార్లు లాగే సాధన పెంచాలి. మూడోదీ నాలుగోదీ రెండూ పడిపోతే లక్ష్యం మరీ వేగంగా పెట్టుకున్నారు. రెండు సెకన్లు కలిపి, కనీసం నాలుగు వారాల సాధన తర్వాత మళ్లీ లాగండి.